ఎడమ చేతి కొలత

పోయిన వారం ద్వాలిని మన్సూర్ బొంతల దుకాణం మెట్ల మీద వదిలి వచ్చాం. ఆమె చేతిలో ఖాళీ సంచి, మొహాన చిన్న నవ్వు. ఆ నవ్వు ఎందుకో మరచినవాళ్ళ కోసం, ఇవాళే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

ద్వాలి భద్రాచలానికి పది కిలోమీటర్ల దూరంలో ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం నర్సు. పెళ్ళయి ఎనిమిది నెలలు. భర్త పేరు తిరుపతి, దుమ్ముగూడెం వైపు ఒక సర్కారు గోదాములో గుమాస్తా. అది రెండువేల ఆరు డిసెంబరు. ఆ మంచులో, ఇంకా వెలుగు రాకముందే, గోదావరి ఒడ్డు రోడ్డు మీద మోటారు సైకిల్ మీద పోతాడు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా వేళ్ళు కొంకర్లు పోయే ఉంటాయి. స్వెటర్ కొందామంటే "ఎందుకులే" అంటాడు. అత్త ప్రమీల కుసుమంచి పక్కన తండాలో ఉంటుంది. చలికాలం నాలుగు వారాలు కొడుకు దగ్గర గడుపుదామని వచ్చింది. ఆమె తెచ్చుకున్న రేకుపెట్టెలో, దుప్పటి కోసం వెతుకుతుంటే, ద్వాలికి ముదురు నీలం ఊలు స్వెటర్ ఒకటి దొరికింది. చేత్తో అల్లింది. అంచు లోపల ఎర్రదారంతో 'తి' అని కుట్టి ఉంది. అత్త కొడుకు కోసం అల్లి ఇవ్వడం మరిచిందనుకుంది ద్వాలి. భర్త చొక్కా మీద పరిచి చూస్తే ఎడమ చెయ్యి నాలుగంగుళాలు పొట్టి, ఒళ్ళు వదులు. ఎవరికీ చెప్పకుండా స్వెటర్‌నూ, కొలతకు ఆ చొక్కానూ పట్టుకెళ్ళి మన్సూర్ భార్య ఖమరున్నీసాకు ఇచ్చింది. ఆదివారానికి సరిచేసి ఇమ్మంది.

ఆ ఆదివారం వచ్చింది.

మన్సూర్ ముందు గదిలో దూది ఏకుతున్నాడు. గాలినిండా తెల్లటి నూగు. వెనక గదిలో, కిటికీ పక్కన, అతని భార్య ఖమరున్నీసా చాప మీద కూర్చుని ఉంది. ఊళ్ళో ఊలు పని తెలిసింది ఆమె ఒక్కతే. బడిపిల్లల స్వెటర్లు, పసివాళ్ళ టోపీలు అన్నీ ఆమె చేతి మీదే పోతాయి.

"అయిందా చాచీ?" అంది ద్వాలి చెప్పులు విడుస్తూ.

"కూసో బేటీ."

ఆమె గొంతులో రోజూ ఉండే హుషారు లేదు. చాప మీద నీలం స్వెటర్ ముక్కలుగా పరిచి ఉంది. చంక కింద కుట్లు విప్పి, రెండు చేతులనూ ఒంటి నుంచి వేరు చేసి, పక్కపక్కన పెట్టింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పక్కనే కత్తెర మూసి ఉంది.

"ఇంక మొదలే పెట్టలేదా?"

"పెట్టిన. పెట్టి ఆపిన." ఖమరున్నీసా కళ్ళద్దాలు ముక్కు మీదికి నెట్టుకుంది. "ఇది ఎవరి స్వెటర్?"

"మా ఆయనదే. మా అత్తమ్మ అల్లింది. చెప్పిన గద."

"మీ ఆయన ఎడమ చెయ్యి ఎట్లుంటది?"

ద్వాలికి ప్రశ్న అర్థం కాలేదు. "ఎట్లుండుడేంది చాచీ? అందరికి ఉన్నట్టే ఉంటది."

"విరిగి అతికిందా? చిన్నప్పుడు ఏమన్న అయిందా?"

"ఏం కాలె. మొన్న మేకు గుచ్చుకుంటే ఆ చేతికే నేను సూది ఇచ్చిన. చెయ్యి సక్కగ చాపి పెట్టిండు."

ఖమరున్నీసా పొట్టి చేతిని తీసి ద్వాలి ఒళ్ళో వేసింది. "చూడు. నువ్వు తెచ్చిన్నాడు నేనేమనుకున్న? కొత్తగ నేర్చినోళ్ళు లెక్క తప్పిన్రు, లేకుంటె ఊలు అయిపోయింది, అంతే గద అనుకున్న. విప్పినంక వరుసలు లెక్కపెట్టిన. కుడి చేతికి నూట పన్నెండు వరుసలు. ఎడమదానికి ఎనభై నాలుగు. చేతిని మణికట్టు కాడ మొదలుపెట్టి పైకి అల్లుకుంట పోతం. పైకి పోయినకొద్ది వెడల్పు పెంచుకుంట పోతం. ఊలు అయిపోతె ఏమైతది? పై ముక్క తక్కువైతది, భుజం కాడ వెడల్పు చాలది. గీడ చూడు." ఆమె రెండు చేతుల పై అంచులనూ కలిపి పట్టుకుంది. వెంట్రుకవాసి తేడా లేదు. "కుడి దానికి ఎనిమిది వరుసలకోసారి పెంచింది. ఎడమ దానికి ఆరు వరుసలకోసారి పెంచింది. అంటె, మొదటి వరుస వేసేటప్పుడే ఆమెకు ఎరుక, ఈ చెయ్యి పొట్టిగ ఉండాలని."

ద్వాలి ఆ రెండు అంచులనూ తనూ వేలితో తడిమి చూసింది.

"ఇంకోటి ఉంది. నీ చెయ్యి ఇయ్యి." ఆమె ఆ పొట్టి చేతిని ద్వాలి ఎడమచేతికి తొడిగింది. చెయ్యి చాపగానే బయటివైపు ఊలంతా మోచేతి దగ్గర ముడతలు పడి పోగైంది. "ఇప్పుడు మడువు. గట్ల గాదు, ఛాతికి ఆనించి పెట్టు." ద్వాలి మడిచింది. ముడతలు పోయాయి. ఊలు మోచేతి చుట్టూ చక్కగా కూర్చుంది. "మోచేతి కాడ బయటివైపు వరుసలు ఎక్కువ, లోపలివైపు తక్కువ. చాపరాని చెయ్యి కోసం అల్లింది బేటీ ఇది. మనిషిని ఎదురుంగ కూసోపెట్టుకోని, కొలత తీసుకోని అల్లింది. నేను ముప్పై ఏండ్ల సంది అల్లుతున్న. నాకు గింత ఓపిక లేదు."

దూది ఏకే చప్పుడు ముందు గదిలో ఆగి, మళ్ళీ మొదలైంది.

"నువ్వు చెయ్యమంటె చేస్త," అంది ఖమరున్నీసా. "నాలుగంగుళాలు పెంచాల్నంటె మణికట్టు కాడ తెంపి విప్పాలె. ఒక్కసారి విప్పితె గీ చెయ్యి మళ్ళ రాదు. అందుకే అడుగుతున్న. ఎవరిది?"

"మా ఆయన పేరు కుట్టి ఉంది గద చాచీ, లోపల."

"పేరు ఉంది. చెయ్యి ఆయనది గాదు."

ద్వాలి ఆ ముక్కలన్నీ సంచిలో వేసుకుని లేచింది. ఎంత ఇవ్వాలని అడగడం కూడా మరిచింది. ఖమరున్నీసా అడగలేదు.

దారి పొడుగునా ఆమె సమాధానాలు వెతుక్కుంటూనే నడిచింది. చిన్నప్పుడు ఆయన చేతికి కట్టు కట్టి ఉండొచ్చు. ఆ నెలరోజుల కోసం అత్త ఇట్లా అల్లి ఉండొచ్చు. కానీ స్వెటర్ పిల్లవాడిది కాదు, పెరిగిన మనిషిది. పెరిగాక చెయ్యి విరిగితే మచ్చ ఉండాలి, ఆయన ఎప్పుడో ఒకప్పుడు చెప్పి ఉండాలి. లేదా వేరే ఎవరి కోసమో అల్లింది. మరి ఆ 'తి' ఏమిటి? ఎటు తిప్పినా ఆ అక్షరం దగ్గర ఆగిపోతోంది.

వాళ్ళు కిరాయికి ఉంటున్న ఇంట్లో ముందు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. వెనక వాకిట్లో అత్త చిక్కుడుకాయలు తుంచుతున్న చప్పుడు. తిరుపతికి ఇవాళ సెలవు. బండి టైరు మార్పించుకొస్తానని పొద్దున పోయాడు, అన్నం వేళకు వస్తానన్నాడు.

ద్వాలి సంచి మంచం మీద పెట్టి బీరువా తెరిచింది. రేషన్ కార్డు కోసం మొన్న దరఖాస్తు నింపినప్పుడు భర్త కాగితాల కవరు ఆమె చేతికే వచ్చింది. అప్పుడు పుట్టిన తేదీ ఒక్కటే చూసి రాసుకుంది. ఇప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. కింద, చిన్న అక్షరాల్లో, గుర్తింపు మచ్చలు. మొదటిది మెడ మీద పుట్టుమచ్చ. రెండోది, ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ.

ఆమె రెండుసార్లు చదివింది. కుడి అని ఉందేమోనని మూడోసారి చదివింది.

కాలిన గాయాలు ఆమెకు కొత్త కాదు. కట్టెల పొయ్యిలో పడ్డ పిల్లల్ని నెలకొకరిని చూస్తుంది. సమయానికి దవాఖానాకు తీసుకుపోకపోతే తోలు మానుతూ మానుతూ గుంజుకుపోతుంది. మోచెయ్యి మడత పడి అట్లాగే ఉండిపోతుంది. మనిషి పెరుగుతాడు, ఆ చెయ్యి వెనకబడుతుంది. అటువంటి చేతికి స్వెటర్ అల్లితే ఎట్లా ఉంటుందో ఇందాక తన ఒంటి మీదే చూసింది. సర్టిఫికెట్, స్వెటర్ ఒకే మాట చెబుతున్నాయి. ఎనిమిది నెలలుగా తన పక్కన పడుకుంటున్న మనిషి మోచెయ్యి మాత్రం నున్నగా ఉంది.

తనే ఏదో తప్పు చదువుతోందేమో. సంచీ, సర్టిఫికెట్ రెండూ పట్టుకుని వెనక వాకిట్లోకి నడిచింది.

ప్రమీల తలెత్తి చూసింది. ముందు కోడలి మొహం చూసింది, తర్వాత సంచి నోట్లోంచి కనబడుతున్న నీలం ఊలు చూసింది. చేతిలోని చిక్కుడుకాయ తుంచకుండానే గిన్నెలో వేసింది.

"నీ కాడుందా?" అంది మెల్లగా. "నాలుగొద్దుల సంది పెట్టె తిరగేస్తున్న నేను."

ద్వాలికి ఆ నాలుగు రోజులూ గుర్తొచ్చాయి. అత్త పెట్టెలో బట్టలు తీసి మళ్ళీ సర్దడం చూసి, ఆదివారం దాకా ఆగు అత్తమ్మా అని లోలోపల నవ్వుకుంది తను.

"ఆయనకు సరిచేయించి ఇద్దామని తీసుకపోయిన అత్తమ్మా. చెప్పకుండ తీసుకున్నది తప్పే. చేతులల్ల ఒకటి పొట్టిగుంటే..."

"కోసిన్రా?" ప్రమీల గబుక్కున లేచింది. "చెయ్యి కోసిన్రా?"

"కొయ్యలె. కుట్లు విప్పిన్రు అంతే."

ప్రమీల సంచి లాక్కుని ముక్కలన్నీ ఒళ్ళో వేసుకుంది. పొట్టి చేతిని వెతికి తీసి, మణికట్టు నుంచి భుజం దాకా వేళ్ళతో తడిమి చూసుకుంది. అప్పుడు కూర్చుంది.

"ఊలు అయిపోయింది," అంది కోడలి వైపు చూడకుండా. "హాస్టల్‌ల ఆయాగ చేసేటప్పుడు వార్డెన్ అమ్మ నేర్పింది. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న. ఊలు అయిపోయి పొట్టిగొచ్చింది."

"ఊలు అయిపోతే భుజం కాడ వెడల్పు రాదట అత్తమ్మా. రెండు సరిగ్గ ఒక్కతీరుగ ఉన్నయి. ఖమరున్నీసా చాచీ లెక్కపెట్టింది." ద్వాలి సర్టిఫికెట్ ముందుకు పట్టింది. "గీ కాగితంల ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ అని ఉంది. మా ఆయనకు లేదు. నాకు ఏం సమజైతలేదు. నువ్వే చెప్పు. ఈ స్వెటర్ ఎవరిది?"

"తిరుపతిది."

"ఆయనకు పట్టదు గద!"

"పట్టదు," అంది ప్రమీల. ఆ పొట్టి చెయ్యిని మోకాలి మీద పరిచి ముడతలు సాపు చేసింది. పక్కింట్లో ఎవరో బకెట్‌తో నీళ్ళు కుమ్మరించారు. "తిరుపతిదే. తిరుపతి కోసమే అల్లిన. నీ మొగుడు తిరుపతి గాదు."

ద్వాలి తన చేతిలోని సర్టిఫికెట్ వైపు చూసింది. మాటలు చెవిన పడ్డాయి గాని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అర్థం ఇవ్వడం లేదు.

"తిరుపతి నా పెద్ద కొడుకు. ఆరేండ్లప్పుడు పొయ్యిల పడ్డడు. నేను కట్టెలకు పోయిన. వచ్చేసరికి చెయ్యి..." ప్రమీల తన మోచెయ్యి మడిచి చూపించింది. "బాగ చదివెటోడు. ఇంటర్ పాసైండు. నీ మొగుడు చిన్నోడు. వాని పేరు భాస్కర్."

చిన్నోడు. పెళ్ళయిన కొత్తలో ద్వాలి ఒకసారి అడిగింది, ఒక్కగానొక్క కొడుకును చిన్నా అని పిలుస్తారేంటని. తండాకు పోయిన రెండుసార్లూ అందరూ ఆయన్ని చిన్నా అనే పిలిచారు. ముద్దు పేరులే అని ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"మరి పెద్దాయన ఏడి?"

"తొంభై ఎనిమిదిల, వానలకు, పర్ణశాల కాడ పనికి పోయిండు. అన్నం హోటల్‌ల లెక్క రాసుడు. గోదారి నిండుగుంది. అవతలికి నాటుపడవ మీద పోయిండట. పడవ బోర్ల పడి దొరికింది. చెప్పులు దొరికినయి. మనిషి దొరకలె." ఆమె ఏడవలేదు. ఎన్నోసార్లు తనకు తానే చెప్పుకున్న మాటల్లాగా వరసగా వచ్చాయి. "కర్మకాండ అయిన నెలకు కొలువు ఉత్తరం వచ్చింది, వాని పేరు మీద. వాడు పోయేముందు దరఖాస్తు పెట్టిండు. అప్పటికే మీ మామ లేడు. చిన్నోనికి పదిహేడేండ్లు, పదో తరగతి రెండుసార్లు తప్పి మట్టిపనికి పోతుండె. నేనే అన్న. వాడు వద్దన్నడు బిడ్డా. అన్న పేరు నేను పెట్టుకోనే పెట్టుకోను అని ఏడ్చిండు. నేనే కాగితాలు చేతుల పెట్టి బస్సెక్కిచ్చిన."

"ఎవరు చూడలేదా? మచ్చలు అడగలేదా?"

"ఫుల్ చేతుల చొక్కా ఏసుకోని పోయిండు. ఎవరు చెయ్యి ఎత్తమనలె."

ద్వాలి గడప మీద కూర్చుండిపోయింది. రోజూ ఆమె రిజిస్టర్‌లో రాస్తుంది, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన బిడ్డ బరువు. రేపు తనకొక బిడ్డ పుడితే ఆ రెండో గడిలో ఏం రాయాలి? చనిపోయిన బావ పేరా? పెళ్ళి పత్రికలో అచ్చయిన పేరు ఎవరిది? మంటపంలో పేర్లు చదివినప్పుడు తను తలవంచుకున్నది ఎవరి పేరుకు? కోపం రావాలి. రావడం లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. ఎనిమిదేళ్ళ కింద కొడుకు పోయిన ఈ మనిషి మీదా? పదిహేడేళ్ళకే అన్న పేరు మోసుకుని బస్సెక్కిన ఆ పిల్లవాడి మీదా?

"బయటికి తెలిస్తె కొలువు పోతది," అంది ప్రమీల. "జైల్ల కూడ పెడతరట. నువ్వేం చేసినా నేను తప్పనను. కానీ వాన్ని ఏం అనకు. చేసింది నేను."

ముందు వైపు బండి ఆగిన చప్పుడైంది.

ద్వాలి లేచింది. ఏం అడగాలో అనుకోలేదు. కాళ్ళు వాటంతట అవే నడిచాయి. ముందు గది తలుపులోంచి చూస్తే అతను బండి పక్కన వంగి, తొట్లో నీళ్ళతో చేతులకంటిన నల్లటి గ్రీజు కడుక్కుంటున్నాడు. వీపు ఇటువైపుంది. ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారి కూడా భర్తను పేరు పెట్టి పిలవలేదు. 'ఇగో' అనో, 'వింటున్నవా' అనో అనేది.

"భాస్కర్," అంది.

"ఆఁ," అన్నాడు అతను, తల తిప్పకుండానే.

నీళ్ళ చప్పుడు ఆగింది. అతను అట్లాగే వంగి ఉండిపోయాడు. వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తర్వాత మెల్లగా లేచి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

"ఎంత చెప్పింది?"

"మొత్తం చెప్పింది. సచ్చిపోయిన మీ అన్న పేరు మీద బతుకుతున్నవని చెప్పింది." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "నాకెందుకు చెప్పలె? నేనెవరి భార్యను?"

అతను 'సచ్చిపోయిన' అన్న మాట దగ్గరే ఆగిపోయినట్లు కనబడ్డాడు. ఆమె భుజం మీదుగా వెనక వాకిట్లోకి చూశాడు. తల్లి ఒళ్ళో నీలం ఊలు ముక్కలు కనబడ్డాయి. అప్పుడు అతని మొహంలో వచ్చిన కంగారు ద్వాలికి బొత్తిగా అంతుపట్టలేదు. పట్టుబడినవాడి భయం కాదది.

"ఏందది? ఎవరు విప్పిన్రు దాన్ని?"

"నేనే. నీ కొలతకు సరిచేయిద్దామని ఇచ్చిన."

"ఎడమ చెయ్యి కొయ్యలె గద?"

"నువ్వు కూడ గదే అడుగుతున్నవేంది? మీ అమ్మ గదే అడిగింది. కొయ్యలె. కోస్తే ఏమైతది?"

"కోస్తే వానికి పట్టదు."

అన్నాక గాని, ఏమన్నాడో అతనికే తెలిసినట్లు లేదు. పెదవి కొరుక్కున్నాడు.

ద్వాలి అతని వైపు చూసింది. పట్టదు అన్నాడు. పట్టేది కాదు అనలేదు. బతికున్న మనిషి సంగతి మాట్లాడినట్టే మాట్లాడాడు. ఇంతసేపూ తను ఒక్కొక్కటిగా సర్దుకుంటూ వచ్చినదంతా మళ్ళీ చెల్లాచెదరైంది.

వెనక నుంచి అడుగుల చప్పుడు. ప్రమీల గడప దాటి వచ్చి నిలబడింది. ఊలు ముక్కలు రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుంది.

"ఎవనికిరా చిన్నా?" అంది. "ఎవనికి పట్టదు?"

అతను తల్లి మొహం వైపు చూడలేకపోయాడు. గోడవారన ఉన్న కుర్చీని గుంజి ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా," అన్నాడు, "నువ్వు ముందు కూసో."